బరోలో వైన్: అన్నేళ్లు పీపాలో ఎందుకు, ఆ ఎదురుచూపు ఖర్చు ఎవరిది?

1983లో వాయవ్య ఇటలీలోని లా మొర్రా అనే కొండ ఊళ్లో ఎలియో అల్తారే అనే యువ రైతు చైన్‌సా చేతపట్టి, తండ్రి వైన్ నిల్వ చేసే పెద్ద పెద్ద చెక్క పీపాలను కోసేశారు. వాటి చోట ఫ్రాన్స్‌లో వాడే చిన్న కొత్త పీపాలు తెచ్చిపెట్టారు. తండ్రికి ఎంత కోపం వచ్చిందంటే, వీలునామాలోంచి కొడుకు పేరు తీసేశారు. ఆయన పోయాక ఆ భూమిని అల్తారే తన తోబుట్టువుల దగ్గర డబ్బిచ్చి కొనుక్కోవాల్సి వచ్చింది.

అక్కడికి దగ్గర్లోనే, బరోలో ఊళ్లో, బార్తొలో మస్కరెల్లో అనే పెద్దాయన తన జీవితంలో ఒక్క చిన్న పీపాను కూడా ఇంట్లోకి రానివ్వలేదు. ఫ్రెంచివాళ్లు 'బారిక్' అని పిలిచే ఆ చిన్న పీపా మీద ఆయనకు ఎంత వ్యతిరేకత అంటే, 2000 ప్రాంతంలో తన సీసాల మీద అతికించే లేబుల్ మీద స్వయంగా బొమ్మ గీసి, 'బారిక్ వద్దు, బెర్లుస్కోనీ వద్దు' అని రాశారు. బెర్లుస్కోనీ అప్పటి ఇటలీ రాజకీయాల్లో పెద్ద తలకాయ. వైన్ పీపా పేరు, ఒక మాజీ ప్రధాని పేరు ఒకే వరసలో రాశారంటే, గొడవ రుచి దగ్గర ఆగలేదని అర్థమవుతుంది.

ఈ రెండు కథలనూ పాత తరానికీ కొత్త తరానికీ మధ్య పోరాటంగా చెబుతుంటారు. చదవడానికి బాగుంటుంది గానీ, అసలు విషయం అందులో కొంతే ఉంది. అల్తారే, మస్కరెల్లో ఇద్దరూ తలపడింది ఒకే చిక్కుతో. వాళ్ల కొండల్లో పండే ద్రాక్షతో చేసే బరోలో వైన్ వెంటనే తాగడానికి పనికిరాదు. దానికి ఏళ్లు కావాలి. ఆ ఏళ్ల భారం ఎవరు మోయాలి?

ముందు ద్రాక్ష సంగతి చూద్దాం. దాని పేరు నెబ్బియోలో. పియెమోంటే రాష్ట్రంలో ఆల్బా పట్టణం చుట్టూ ఉన్న లాంగే కొండలు దీని సొంత ఇల్లు. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల విరివిగా పండిన అనాబ్-ఎ-షాహీ లాంటి తినే ద్రాక్షలో పెద్ద కాయ, నిండా రసం ఉంటాయి. వైన్ ద్రాక్ష కాయ చిన్నది, రసంతో పోలిస్తే తొక్క, గింజల వాటా ఎక్కువ. నెబ్బియోలో వసంతంలో అందరికంటే ముందు చిగురిస్తుంది, అందరికంటే ఆలస్యంగా, అక్టోబర్ నడుమో ఆ తర్వాతో పండుతుంది. అంటే తొలి చిగురు మీద మంచు పడే భయం ఒకవైపు, కోతకు ముందు వానల భయం ఇంకోవైపు. అందుకే దీన్ని ఎక్కడ పడితే అక్కడ వేయరు. శీతాకాలం చివర్లో మంచు ముందుగా కరిగే, ఎండ బాగా తగిలే దక్షిణపు వాలులు దీనికే కేటాయిస్తారు.

ఇంత ఇబ్బంది పెట్టి పండే ఈ కాయలో పులుపు ఎక్కువ, వగరు మరీ ఎక్కువ, రంగు మాత్రం తక్కువ. కొత్త నెబ్బియోలో వైన్ చూడటానికి లేత ఎరుపులో పలచగా కనిపిస్తుంది. తేలికగా ఉంటుందేమో అనుకుని గుక్క వేస్తే, సరిగా పండని నేరేడుపళ్లు గుప్పెడు నమిలినట్టు నాలుక, చిగుళ్లు బిగుసుకుపోతాయి. ఆ వగరుకు కారణం టానిన్లు. తొక్కలో, గింజల్లో ఉండే ఈ పదార్థాలు మన లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని గట్టిపడేలా చేస్తాయి. నోరు తడి ఆరిపోయినట్టు అనిపించేది అందుకే.

కాలం చేసే పని ఇక్కడే మొదలవుతుంది. చెక్క గోడల్లోంచి, మూత సందుల్లోంచి అతి కొద్దిగా గాలి వైన్‌కి తగులుతుంది. ఆ కొద్దిపాటి ఆక్సిజన్ సాయంతో టానిన్లు ఒకదానితో ఒకటి, రంగునిచ్చే పదార్థాలతో కలిసి పెద్ద గొలుసుల్లా మారతాయి. కొన్ని అడుగుకు మడ్డిగా దిగిపోతాయి. మిగిలినవి నోటిని మునుపటంత గట్టిగా పట్టుకోవు. నెబ్బియోలో రంగు పదార్థాలు తొందరగా మారిపోయే రకం కాబట్టి ఎరుపు తగ్గి ఇటుక ఛాయ వస్తుంది. తాజా పండు వాసన వెనక్కి తగ్గి ఎండు గులాబీలు, తారు, పొగాకు, తోలు, అడవి పుట్టగొడుగుల్లాంటి వాసనలు ముందుకొస్తాయి. గులాబీ, తారు పక్కపక్కనే ఎలా ఉంటాయో తాగనివాళ్లకు వింతగా అనిపించవచ్చు. బరోలో గురించి రాసేవాళ్లు వందసార్లు వాడిన జంట అది, అయినా నిజమే.

గాలి ఎక్కువైతే వైన్ వెనిగర్ దారి పడుతుంది. అసలు తగలకపోతే వగరు అలాగే ఉండిపోతుంది. కాబట్టి ప్రశ్న రెండు ముక్కలుగా విడిపోతుంది: తొక్కల్లోంచి ఎంత సారం లాగాలి, లాగాక ఏ పాత్రలో ఉంచాలి?

పాత పద్ధతిలో ద్రాక్షను చితక్కొట్టి తొక్కలతో సహా నెల రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, తొట్టిలో ఉంచుతారు. పులిసేటప్పుడు తొక్కలు పైకి తేలి గట్టి పొరలా ఏర్పడతాయి. రోజుల తరబడి ఆ పొర మీద రసం పోస్తూ తడుపుతారు. ఆ తర్వాత కొందరు చెక్క పలకలు అడ్డం పెట్టి, తొక్కలు పైకి రాకుండా రసంలోనే మునిగి ఉండేలా చేస్తారు. రంగు మొదటి కొద్ది రోజుల్లోనే దిగిపోతుంది. గింజల్లోని టానిన్ మాత్రం ఆల్కహాల్ పెరిగే కొద్దీ నెమ్మదిగా దిగుతుంది. అంటే పాత పద్ధతి కాయలో ఉన్నదంతా లాగేసి, ఆ వగరును విరగ్గొట్టే బాధ్యతను కాలానికి వదిలేస్తుంది.

అల్తారే తరం దీన్ని తలకిందులు చేసింది. పక్కకు పడుకోబెట్టి గుండ్రంగా తిప్పే స్టీలు ట్యాంకుల్లో రోజుల వ్యవధిలోనే రంగు లాగేసి, గింజల వగరు దిగేలోపే తొక్కల్ని తీసేయడం, తర్వాత వైన్‌ని కొత్త బారిక్‌లలో పోయడం. కొత్త చెక్క లోపలి భాగాన్ని మంట మీద కాలుస్తారు కాబట్టి వనిల్లా, లవంగం, వేయించిన కాఫీ లాంటి వాసనలు వైన్‌లోకి వస్తాయి, రంగు నిలబడుతుంది, నోటికి కాస్త తీపి భ్రమ కూడా కలుగుతుంది. మార్కెట్‌లోకి వచ్చిన రోజే తాగగలిగే బరోలో అలా పుట్టింది.

పీపా సైజు మీద అంత గొడవ ఎందుకో చిన్న లెక్కతో తెలుస్తుంది. బారిక్‌లో 225 లీటర్లు పడతాయి. సంప్రదాయ పీపాలు వేల లీటర్లవి. దాదాపు అదే ఆకారంలో ఇరవై రెట్లు పెద్దదైన, అంటే 4,500 లీటర్ల పీపా తీసుకుంటే, ఒక్కో లీటరు వైన్‌కి తగిలే చెక్క బారిక్‌తో పోలిస్తే సుమారు మూడో వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే. పైగా పెద్ద పీపా చెక్క మందం, అదీ పదుల ఏళ్లు వాడింది. క్రొయేషియాలోని స్లవోనియా ప్రాంతపు ఓక్‌తో చేసిన ఆ పీపాకు ఇవ్వడానికి వాసన ఏమీ మిగిలి ఉండదు. అది నెమ్మదిగా గాలి ఆడనిస్తుంది, అంతే. మస్కరెల్లో మొండితనం వెనక ఉన్న వాదన ఇదే: కొత్త చెక్క రుచి ఏ దేశపు వైన్‌లో పోసినా ఒకేలా ఉంటుంది, మా కొండ రుచి ఆ వాసన కింద పడి నలిగిపోతుంది.

నా మనసు మస్కరెల్లో వైపే మొగ్గుతుంది. అయినా అల్తారే చైన్‌సా పట్టుకోవడానికి బలమైన కారణాలున్నాయి, వాటిని పక్కన పెడితే ఈ కథకు అన్యాయం చేసినట్టే. అప్పటి లాంగే ఇప్పటిలా సంపన్న ప్రాంతం కాదు. చాలామంది రైతులు సొంతంగా వైన్ సీసాల్లో నింపేవాళ్లు కాదు. కోత కాగానే ఆల్బాలో దళారుల దగ్గర నిలబడి, వాళ్లు చెప్పిన రేటుకు ద్రాక్ష అమ్ముకునేవాళ్లు. కుర్రాళ్లు కొండలు దిగి ట్యూరిన్‌లో ఫియట్ ఫ్యాక్టరీకో, ఆల్బాలోనే 1946లో మొదలైన ఫెరేరో చాక్లెట్ కంపెనీకో పనికి పోయారు. ఇంట్లో ఉన్న పీపాలు చాలా చోట్ల సరిగా కడగనివి, లోపల పుల్లటి వాసన పట్టినవి. 'పాత పద్ధతి' పేరుతో చెడిపోయిన వైన్ కూడా అమ్ముడుపోయేది. 1986లో ఆ జిల్లాలోనే, బరోలోకి దగ్గర్లోని నార్జోలే ఊరి వ్యాపారులు చవక వైన్‌లో మిథనాల్ కలపడంతో ఇటలీలో ఇరవై మందికి పైగా చనిపోయారు. బరోలోకు దాంతో సంబంధం లేకపోయినా ఇటలీ వైన్ అంటేనే జనం భయపడ్డారు.

అలాంటి రోజుల్లో శుభ్రమైన సెల్లార్ (వైన్ నిల్వ చేసే గది), తక్కువ కాయ, మంచి కాయ అన్న మాటను కొత్త తరం తెచ్చింది. వేసవిలో తీగ మీద సగం గుత్తులు కోసి నేల మీద పడేస్తే మిగిలిన గుత్తులు బాగా పండుతాయి. ఆకలి చూసిన తండ్రులకు అది పాపంలా కనిపించింది. కానీ 1990లలో అమెరికా విమర్శకులు ఆ వైన్లకు పెద్ద పెద్ద మార్కులు వేయడంతో బరోలో పేరు ప్రపంచానికి తెలిసింది. ఆ వెలుగు సంప్రదాయ కుటుంబాల మీదా పడిందన్న నిజాన్ని పాత పద్ధతి అభిమానులు ఒప్పుకోవాలి.

ఇక మస్కరెల్లో ఇంటికి వద్దాం. బార్తొలో తండ్రి జూలియో, మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన రోజుల్లో ఈ వైనరీ మొదలుపెట్టారు. చుట్టుపక్కల అందరూ ద్రాక్ష అమ్ముకుంటున్న కాలంలో తన వైన్‌ని తానే నేరుగా అమ్మిన కొద్దిమందిలో ఆయన ఒకరు. రెండో ప్రపంచ యుద్ధంలో బార్తొలో ఫాసిస్టులకు వ్యతిరేకంగా పోరాడిన దళాల్లో ఉన్నారు. 2005లో ఆయన చనిపోయాక కూతురు మరియా తెరెసా నడిపిస్తున్నారు. మూడు తరాల్లో భూమి పెద్దగా పెరగలేదు, మొత్తం 5 హెక్టార్ల చిల్లర, అంటే మన లెక్కలో పన్నెండు పదమూడు ఎకరాలు. బరోలో ఊరిలో కన్నూబి, సాన్ లొరెంజో, రుయే, లా మొర్రాలో రొక్కే దెల్ అన్నుంజియాతా అని నాలుగు చోట్ల వాళ్ల నెబ్బియోలో ముక్కలున్నాయి. చివరిది అల్తారే ఇల్లున్న అన్నుంజియాతా వైపే ఉంది.

ఈ నాలుగు తోటల కాయనీ కలిపి వాళ్లు ఒకే బరోలో చేస్తారు. ఇది వినడానికి మామూలుగా ఉంది గానీ, ఈ రోజుల్లో ఎదురీతే. 1960ల నుంచి ఒక్కో కొండవాలు పేరుతో విడివిడిగా సీసాలు నింపే అలవాటు పెరిగింది. 2010లో బరోలో ప్రాంతంలో 181 పేర్లకు చట్టబద్ధంగా హద్దులు గీశారు. కన్నూబి లాంటి పేరు లేబుల్ మీద ఉంటే ధర అమాంతం పెరుగుతుంది. మస్కరెల్లో కుటుంబానికి కన్నూబి ఉంది, అయినా ఆ పేరుతో వేరే సీసా చేయరు. కారణం సూటిగా ఉంటుంది. ఒక వాలు మీద వడగళ్లు పడితే ఇంకోటి ఆదుకుంటుంది. ఒకదాని సువాసన, ఇంకోదాని గట్టిదనం కలిస్తేనే వైన్ నిండుగా ఉంటుందని వాళ్ల నమ్మకం. మరియా తెరెసా కన్నూబి పేరు కోసం కోర్టుకు కూడా వెళ్లారు. చుట్టుపక్కల భాగాలు కూడా వట్టి 'కన్నూబి' అని రాసుకోవడానికి కొత్త నిబంధనలు వీలు కల్పించాయి. దాని మీద కేసు వేసి 2012లో కింది కోర్టులో గెలిచారు, 2013లో పై కోర్టులో ఓడిపోయారు. తన సీసా మీద రాసుకోని పేరు కోసం అంత పట్టుబట్టడం నాకు ఈ కుటుంబం గురించి చాలా చెప్పింది.

ఇప్పుడు డబ్బు సంగతి. వైన్ గురించిన రాతల్లో దీన్ని చాలా తేలికగా దాటేస్తారు, నాకు మాత్రం అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే.

చట్టం ప్రకారం బరోలో అమ్మాలంటే కోత జరిగిన ఏడాది నవంబర్ 1 నుంచి లెక్కబెట్టి 38 నెలలు నిల్వ ఉంచాలి, అందులో 18 నెలలు చెక్కలో. 'రిజెర్వా' అని రాయాలంటే 62 నెలలు. అంటే 2020 అక్టోబర్‌లో కోసిన ద్రాక్ష 2024 జనవరికి గానీ బరోలోగా బయటికి రాదు, రిజెర్వాగా అయితే 2026 జనవరికి. పాత పద్ధతి కుటుంబాలు ఈ కనీస గడువుతో సరిపెట్టుకోవు, చెక్కలోనే రెండేళ్లకు పైగా ఉంచుతాయి. 2023 కోత ఇంటికొచ్చే నాటికి సెల్లార్‌లో 2020, 2021, 2022 పంటలు డబ్బు కాకుండా అలాగే కూర్చుని ఉంటాయి. కూలీ, సీసాలు, కార్కులు, కరెంటు, మందులు అన్నీ ఏ ఏటికి ఆ ఏడు చెల్లించాల్సిందే. రైతు కుటుంబంలో పుట్టినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. పంట చేతికొచ్చిన నెలలోనే అప్పు తీర్చాల్సిన ఇంట్లో మూడేళ్లు ఆగడం కుదిరే పని కాదు.

మరి వాళ్లెలా ఆగుతున్నారు? జవాబు కొంత పక్క తోటలో ఉంది. దొల్చెత్తో అనే ద్రాక్ష సెప్టెంబర్‌లోనే పండుతుంది, నెబ్బియోలోకు పనికిరాని చల్లటి వాలుల్లో కూడా పెరుగుతుంది, ఆ వైన్ మరుసటి ఏడాదే అమ్ముడవుతుంది. బార్బెరా అనే ఇంకో రకానికీ బరోలో అంత కాలం అక్కర్లేదు. మస్కరెల్లో ఇంట్లోనూ బరోలోతో పాటు ఈ రెండూ ఉంటాయి. రోజువారీ ఖర్చులు ఇవి చూసుకుంటే బరోలో నిశ్చింతగా పీపాలో ఉంటుంది. లాంగేలో భోజనం బల్ల మీద రోజూ కనిపించేవీ ఇవే.

జవాబులో మిగతా సగం కుటుంబమే. భూమి ఎప్పుడో కొన్నది, అప్పు లేదు, పీపాలు తాత కొన్నవి, పని ఇంటివాళ్లది. ఈ నాలుగూ ఉంటేనే ఎదురుచూపు సాధ్యం. ఇవాళ కొత్తగా ఎవరైనా ఆ కొండల్లో ఒక హెక్టారు కొనాలంటే పది లక్షల యూరోలు దాటుతుంది. బ్యాంకు వడ్డీ కడుతూ మూడు పంటలు సెల్లార్‌లో దాచడం కష్టం. 1983లో అల్తారే ముందున్న లెక్క కూడా ఇదేనని నాకనిపిస్తుంది. వెనక ఆస్తి లేని కుర్రాడికి త్వరగా తాగగలిగే వైన్ కావాలి. తండ్రి కాలం నుంచి సీసాలు కొనే ఖాతాదారులున్న మస్కరెల్లోకు ఆ అవసరం లేదు.

కానీ కుటుంబం ఎంత బలమో అంత బలహీనత కూడా. ఇటలీ వారసత్వ చట్టం పిల్లలందరికీ వాటా గ్యారంటీ చేస్తుంది. భూమి విలువ పెరిగే కొద్దీ ఒకరు ఉంచుకుని మిగతావాళ్ల వాటా కొనడం కష్టమవుతోంది. జాకొమో కొంతెర్నో వైనరీలో అన్నదమ్ములు జొవాన్ని, ఆల్డో 1969లో విడిపోయారు. పద్ధతి గురించి ఇద్దరి ఆలోచనలూ వేరు. తండ్రి పేరున్న వైనరీని ఉంచుకున్న జొవాన్ని 1974లో సెర్రాలుంగా అనే ఊరి దగ్గర సొంత తోట కొని, 'మోన్‌ఫోర్తీనో' అనే తమ రిజెర్వాను పెద్ద పీపాల్లో ఏళ్ల తరబడి ఉంచే ఆచారం కొనసాగించారు. 2002లో వడగళ్లు, వానలతో బరోలో పంట నాశనమై చాలామంది ఆ ఏటి వైన్ చేయడమే మానుకున్నారు. జొవాన్ని మాత్రం తన తోటలో మిగిలిన కాయ మీద నమ్మకంతో మోన్‌ఫోర్తీనో చేశారు. 2004లో ఆయన పోయారు, దాన్ని ఆ తర్వాత లోకానికి అందించింది కొడుకు రొబెర్తో. ఒక మనిషి తీసుకున్న నిర్ణయం తప్పో ఒప్పో తేలేది ఆయన పోయాకే అనేంత నెమ్మది వ్యాపారం ఇది. అలా ఆగలేని ఇళ్లూ ఉన్నాయి. తరాల చరిత్ర ఉన్న వియెత్తి వైనరీని 2016లో అమెరికాకు చెందిన క్రౌజ్ కుటుంబం కొనేసింది.

చివరికి ఎవరు గెలిచారంటే, బయటికి చూస్తే పెద్ద పీపా గెలిచింది. ఒకప్పుడు బారిక్ జెండా పట్టుకున్న చాలామంది ఇప్పుడు పెద్ద పీపాలకు మళ్లారు, తొక్కల్ని ఎక్కువ రోజులు ఉంచుతున్నారు. మరోవైపు, సంప్రదాయం అని చెప్పుకునే సెల్లార్లు కూడా 1970ల నాటివి కావు. పీపాలు శుభ్రంగా ఉంటాయి, పుచ్చిన గుత్తులు కోత దగ్గరే ఏరేస్తారు. అల్తారే అడిగిన శుభ్రత, మస్కరెల్లో అడిగిన ఓపిక రెండూ ఒకే సెల్లార్‌లో చేరాయి. చట్టం మాత్రం ఒకప్పుడు చెక్కలో రెండేళ్లు తప్పనిసరి అన్నది కాస్తా 18 నెలలకు తగ్గించింది.

ఈ గెలుపులో వాతావరణం వాటా కూడా ఉంది, దాన్ని ఎవరూ గట్టిగా చెప్పరు. ఒకప్పుడు పదేళ్లలో నెబ్బియోలో సరిగ్గా పండింది కొన్ని ఏళ్లే. వేడి పెరిగాక దాదాపు ఏటా పండుతోంది. గింజలు బాగా పండితే వాటి టానిన్ మునుపటంత కటువుగా ఉండదు. కాబట్టి పాత పద్ధతిలో చేసిన వైన్ కూడా ఇప్పుడు ముందుగానే మెత్తబడుతోంది. ముప్పై ఏళ్ల కిందట ఇదే పద్ధతికి జనం దూరంగా ఉన్నారంటే, అప్పటి కాయ పచ్చిదనం కూడా ఒక కారణం. ఇప్పుడు భయం అటువైపు మళ్లింది. ఆల్కహాల్ 14 శాతం దాటి పోతోంది, 2022 లాంటి ఏళ్లలో నీళ్లు లేక తీగలు వాడాయి, ఎండ బాగా తగిలే వాలులకే విలువ కట్టిన రైతులు చల్లటి వాలుల వైపు చూస్తున్నారు.

అమెరికాలోనో యూరప్‌లోనో ఉన్న మనవాళ్లకు బరోలో దొరకడం కష్టం కాదు. మొదటిసారే పెద్ద పేరున్న సీసా మీద డబ్బు పోయక్కర్లేదు. 'లాంగే నెబ్బియోలో' అని రాసి ఉన్నది తీసుకుంటే అదే ద్రాక్ష, తక్కువ కాలం నిల్వ, తక్కువ ధర. బరోలో కొంటే కోత ఏడాది చూసుకోండి. పాత పద్ధతిలో చేసింది అయితే కనీసం పదేళ్లు నిండినది మేలు, అంతకంటే కొత్తది అయితే తాగడానికి కొన్ని గంటల ముందే తెరిచి జాడీలో పోసి ఉంచాలి. దీన్ని ఉత్తిగా తాగితే వగరే కనిపిస్తుంది. మాంసం, కొవ్వు పక్కన ఉంటే టానిన్ నోటిని వదిలి వాటిని పట్టుకుంటుంది. అక్కడ వాళ్లు బరోలోలోనే గంటల తరబడి ఉడికించిన ఎద్దు మాంసంతోనో, గుడ్డు సొనలు దండిగా వేసి చేసిన సన్నటి 'తయారిన్' నూడుల్స్‌తోనో తాగుతారు. మన వంటల్లో మెత్తగా ఉడికిన మటన్ బాగా కుదురుతుంది, కారం మాత్రం బాగా తగ్గించాలి. మిరపకాయ ఘాటు, ఆల్కహాల్, టానిన్ మూడూ కలిస్తే నోరు మండిపోయి, అన్నేళ్లు ఆగి తెచ్చుకున్న వాసనల్లో ఒక్కటీ తెలియదు.